ఆధారితుల గడి

కంపెనీ ఒక కాగితం ఇచ్చింది.
సైట్లో ఏదన్నా అయితే డబ్బు ఎవరికి చేరాలో
ఒక్కరి పేరు రాయాలట. ఒక్కరిదే.
లింబాద్రి దాన్ని అన్నం గిన్నె మూత మీద పరిచి
పెన్ను రెండుసార్లు విదిలించాడు.
అజ్మాన్‌లో మా గదికి అంతకన్నా బల్ల లేదు.

"నీ పేరు పెడుతున్న" అన్నాడు,
"నువ్వు నా మీద ఆధారపడ్డవని."

నవ్వొచ్చింది నాకు.
గది అద్దె పదకొండు వందల దిర్హాములు,
అందులో ఏడొందలు నావి.
మా రాజోలు వైపు దీన్ని ఉంచుకోవడం అంటారు.
ఉంచుకున్నది ఎవరు,
ఎవర్ని?

కొల్లాబత్తుల దీవెనమ్మ.
ఇంగ్లీషు అక్షరాల్లో మా ఇంటిపేరు పట్టక
గడి గీత దాటి బయటికొచ్చింది.
తర్వాతి గడి: సంబంధం.
అక్కడ పెన్ను ఆగిపోయింది.

భార్య అంటే పెళ్ళి కాగితం అడుగుతారు, ముద్రలతో సహా.
చెల్లెలంటే ఇంటిపేర్లు రెండూ ఒకదాన్నొకటి చూసి నవ్వుతాయి.
స్నేహితురాలన్న మాట ఆ కాగితానికి తెలీదు.
మనకి తెలిసిన మాటలేమో
గోడ అవతల నుంచి అనడానికే పనికొస్తాయి,
రాయడానికి రావు.

ఏసీ మూలుగుతోంది. దాని కింద బకెట్టు
సగం నిండింది.

ఆయనకి నేను చెప్పనిది ఒకటుంది.
నిజామాబాదు కోర్టు కూతురికి
నెలకి నాలుగు వేలు ఇమ్మంది.
పాత కంపెనీ మూతపడ్డాక ఇవ్వలేదు.
ముప్పై ఒక్క నెలలు. లక్షా ఇరవై నాలుగు వేలు.
ఆ లెక్క ఆయన నిద్రలో పైకి అంటాడు,
తప్పు పోకుండా.

నోటీసు ఫొటో ఫోన్‌కి వచ్చింది మొన్న ఎండాకాలంలో.
ఆయన అక్షరాలు చూశాడు.
నేను కాగితం పట్టుకున్న బొటనవేలు చూశాను.
చిన్న వేలు. గోరు మీద
సగం ఊడిన గులాబీ రంగు.

అప్పట్నుంచి జీతం పడిన మర్నాడు
బస్సు దిగి ఎక్స్‌ఛేంజి దగ్గర వరసలో నిలబడతాను.
అద్దం వెనక కుర్రాడు అడుగుతాడు,
"మణెమ్మ మీకు ఏమవుతారు?"
ఏమవుతుంది?
వాళ్ళకి విడాకులు కాలేదు, నాకు పెళ్ళి కాలేదు.
"అక్క" అన్నాను మొదటి నెల.
ఆ గడిలో సరిగ్గా పట్టింది.
ఇప్పటికి అయిదుసార్లు అక్క అయింది.
ఆమె ఒక్కసారే మెసేజీ పెట్టింది:
"ముట్టినయ్."
పేరు లేదు, పిలుపు లేదు.
చివర్న చుక్క మాత్రం ఉంది.
ఆ చుక్కని రెండ్రోజులు చూసుకున్నాను, ఎందుకో.

"ఏం రాయాలె చెప్పు" అంటున్నాడు లింబాద్రి.
నూనె వేలితో పై గడి మీద తట్టాను.
పిల్లలు, అని ఉంది అక్కడ.
దాన్ని దాటేసి కిందికొచ్చాడు,
గుమ్మంలో పడుకున్న కుక్కని దాటినట్టు.

చాలాసేపు మాట్లాడలేదు.
పక్క గదిలో ఎవరో కుక్కరు దించారు.
"నీకేం మిగుల్తది మరి?" అన్నాడు.
"పోయాక సంగతి నాకెందుకు.
బతికున్నన్నాళ్ళు ఉల్లిపాయలు నువ్వు కొను."

నా పేరు మీద గీత కొట్టాడు
నెమ్మదిగా, దెబ్బ తగులుద్దేమో అన్నట్టు.
పైన అక్షిత అని రాశాడు.
పుట్టిన తేదీ దగ్గర తడబడ్డాడు.
సంవత్సరం తెలుసు, నెల తెలుసు,
రోజు దగ్గర వేళ్ళు లెక్కపెట్టి,
ఆ రాత్రి దవాఖానలో కరెంటు పోయిందనీ
మర్నాడు అంగడనీ
అట్లా వెనక్కి నడిచి పట్టుకున్నాడు.

సంబంధం: కూతురు.
దానికి పెన్ను ఆగలేదు.

కాగితం తీసి చూస్తే వెనక మూత గుండ్రం
తడిగా అచ్చుపడింది.
హెచ్చార్ వాడు ఏమంటాడోనని ఆయన ఊదుతున్నాడు.
నేను మూత అందుకుని గిన్నె మీద పెట్టాను.
అన్నం ఎప్పుడో చల్లారింది.